అన్న వేళ్ళు, ఉప్పునీళ్ళ తొట్టి

మా అన్న ఎడమచేతి రెండు వేళ్ళు నేనే నరికినాను. ఈ మాట ఇంత సూటిగా నోటికి రావడానికి నాకు ఏడాదికి పైనే పట్టింది. ఆ దారికి నన్ను తెచ్చింది మా ఇంట్లో పెట్టుకున్న ఒక ఉప్పునీళ్ళ చేపల తొట్టి. అందుకే రెండూ కలిపే చెప్పాల.

నాది పుంగనూరులో మటన్ అంగడి. మా ఊరు పెద్దపంజాణి పక్కన. అక్కడ మాకు చేనుంది, అన్నకు సగం, నాకు సగం. బోరు మాత్రం ఒకటే. అన్న ఆవుల్ని సాకుతాడు, టమాటా పెడతాడు. నేను నా సగంలో గొర్రెలకని గడ్డి వేస్తాను. చేలకు కరెంటు ఇచ్చేదే కొన్ని గంటలు. ఆ గంటల్లో ఎవరి పాలెంత అనే దాని మీద, ఎండాకాలం వచ్చిందంటే మా ఇద్దరికీ మాటా మాటా పెరిగేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అంగడి కట్టేసి, సాన పట్టించాల్సిన కత్తిని సంచిలో వేసుకొని నేరుగా చేనుకు పోయినాను. నా వంతు నీళ్ళు. చూస్తే గేటువాల్వు తన పక్కకు తిప్పి, అన్న టమాటా సాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు.

"ఈ పొద్దు నా వంతు గదన్నా?"

"కాయ వాడిపోతాండాది. రేపు పెట్టుకో."

"నిన్న గూడా రేపే అంటివి."

"అంటిని. ఏంజేస్తావిప్పుడు? గొర్రెను కోసినట్ల కోస్తావా?"

నేను పోయి వాల్వు తిప్పినాను. అన్న వచ్చి చెంప మీద కొట్టినాడు. నలభై ఏండ్లు దాటినోణ్ణి, చిన్నప్పుడు కొట్టినట్టే కొట్టినాడు. చెవి గుయ్యిమనింది. చేయి సంచిలోకి ఎప్పుడు పోయిందో నాకు తెలీదు. కత్తి పైకి లేచింది. అన్న ఎడమచేయి అడ్డం పెట్టినాడు. ఎముక మీద కత్తి పడితే ఎట్లాంటి చప్పుడొస్తుందో నాకు తెలుసు, దినామూ వినేదే. అదే చప్పుడు వచ్చింది. చిటికెన వేలు, దాని పక్కది తడినేల మీద పడినాయి. అన్న అరవలేదు. వాటి పక్క చూసి, నా పక్క చూసి, మెల్లిగా గట్టు మీద కూలబడినాడు.

తువ్వాలు చుట్టి, వేళ్ళు ప్లాస్టిక్ కవర్లో వేసుకొని, బండి మీద నా నడుముకు అతన్ని పంచెతో కట్టుకొని మదనపల్లెకు తోలినాను. దారి పొడుగునా అన్న గడ్డం నా భుజానికి కొట్టుకుంటానే ఉండింది. నెత్తురు నా చొక్కాలోనించి వీపు మీదికి కారి వెచ్చగా అంటుకునింది.

ప్రైవేటు ఆసుపత్రిలో వేళ్ళు అతకవని చెప్పేసినారు. ఎట్ల తెగిందని డాక్టరు అడిగినాడు. నేను నోరు తెరిచేలోపల అన్న చెప్పినాడు: "గడ్డి మిషన్లో పడినాది సార్. మోపు తోస్తాంటే చేయి పోయినాది." పోలీసు వచ్చి అడిగినా అదే చెప్పినాడు. ఆవులున్న ఇల్లు, గడ్డి కోసే మిషనున్న ఇల్లు, అందరూ నమ్మినారు. మా అమ్మ కూడా నమ్మింది. ఆమె అన్న దగ్గరే ఉంటుంది. మిషను మీద దుమ్మెత్తి పోసి, దాన్ని అమ్మేయించింది.

అన్నను లోపలికి తీసుకపోయినాక నేను హాల్లో కూర్చున్నాను. నా ఎదురుగా గోడకు ఆనించి ఒక అద్దాల తొట్టి ఉంది. నీలం వెలుగు, రాళ్ళు, నారింజరంగు మీద తెల్లపట్టీలున్న చేపలు. నాలుగు గంటలు దాన్నే చూస్తా కూర్చున్నాను. వేరే ఎక్కడ చూసినా నా చేతులే కనిపించేవి. అక్కడ తుడిచే అమ్మ వచ్చి, నా చొక్కా మీది నెత్తురు చూసి, ఏమీ అడక్కుండా చెప్పింది: "అవి సముద్రం చేపలప్పా. మా పెద్దడాక్టరు సరదాకు సాకతాండాడు. కుప్పంలో ఒకాయన తెప్పించిస్తాడంట, రైల్లో వస్తాయంట."

ఆ తర్వాత అన్న నాతో మాట్లాడలేదు. నీళ్ళ కోసమూ మాట్లాడలేదు. నా వంతు దినం వాల్వు నా పక్కకు తిప్పి పెట్టి ఉండేది, అంతే. ఆ తిప్పిపెట్టిన వాల్వును చూస్తే, తిట్టినా బాగుండునే అనిపించేది. అంగడిలో కాలిబొక్క కొట్టేటప్పుడల్లా నా చేయి ఒక్క క్షణం గాల్లో ఆగేది. "ఏమప్పా, నిద్రపోతాండావా?" అని గిరాకీలు నవ్వేవాళ్ళు.

రెండు నెలలకు ఒక మంగళవారం, అంగడికి సెలవు రోజు, బస్సెక్కి కుప్పం పోయినాను. ఎందుకంటే ఏం చెప్పేది? ఆ నాలుగు గంటలు నాకు మళ్ళీ కావాలనిపించింది.

కుప్పం పెద్దాయన రైల్వేలో పార్సిల్ గుమాస్తాగా చేసి రిటైరైనాడు. స్టేషను వెనకవీధిలో ఇంటి ముందరి గదినిండా తొట్లే. తమిళం యాసలో తెలుగు మాట్లాడతాడు.

"మొదటిసారా?"

"ఔ సార్."

"గోల్డ్‌ఫిష్ పెట్టుకో. చంపడం కష్టం వాటిని."

"నాకు సముద్రంవి కావాల."

"సముద్రం చేపకు ఓర్పు కావలెనప్పా. ఉందా నీకు?"

"లేదు."

ఆయన కండ్లద్దాలు తీసి నన్ను చూసినాడు. "నిజం చెప్పినావు, సరే, కూర్చో," అన్నాడు.

కాగితం మీద రాసిచ్చినాడు. రెండున్నర అడుగుల తొట్టి. నీళ్ళు కదిలించే మోటారు. అంగట్లో ఉప్పు పనికిరాదు, సముద్రం ఉప్పని వేరే పొడి, డబ్బాలో వస్తుంది. బోరు నీళ్ళు పోయకూడదు, క్యాన్లలో వచ్చే ఫిల్టరు ప్లాంటు నీళ్ళే పోయాల. ఉప్పు ఎంతుందో చూసే మీటరు. అడుగున ఇసుక. ఆ పైన సముద్రంలోనించి తెచ్చిన రాళ్ళు, వాటిని తడిగుడ్డల్లో చుట్టి ఇచ్చినాడు. "వీటిలో కంటికి కనపడని ప్రాణాలుంటాయి. నీళ్ళను శుభ్రం చేసేది అవే. ఒక పచ్చిరొయ్య ముక్క తొట్లో వేసి కుళ్ళనీ. నెల దినాలు చేప ముఖం చూడొద్దు. నీళ్ళకు విషం పుట్టాల, ఆ విషం విరగాల. అప్పుడు రా."

మా ఆడమనిషి ఆ సరంజామా చూసి గడపలోనే నిలబడిపోయింది. వేళ్ళ సంగతి మా ఇద్దరన్నదమ్ములకు కాక తెలిసింది ఆమెకొక్కదానికే. నెత్తురు చొక్కా నానబెట్టింది ఆమే గదా.

"మనిషిని నరికి, చేపల్ని సాకతాడంట," అనింది. అయినా క్యాన్లు దించడానికి ఒక చేయి వేసింది.

ఆ నెల మా ఇంటి ముందరి గదిలో రాళ్ళు, నీళ్ళు, కుళ్ళిన రొయ్య వాసన తప్ప ఏమీ లేవు. చుట్టాలు వచ్చి ముక్కు మూసుకొని పోయేవాళ్ళు. ప్రతి సాయంత్రం అంగడి నించి వచ్చి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకొని, గాజుగొట్టంలో నీళ్ళు పట్టి మందుచుక్కలు వేసేవాణ్ణి. ముదురు ఆకుపచ్చ తిరిగితే విషం, పసుపు తిరిగితే మంచిది. ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఆకుపచ్చ. ముప్పై దినాలు దాటినాక పసుపు తిరిగింది. ఆ పొద్దు పండక్కి కోసినట్టు పొద్దున్నే పని ముగించి బస్సెక్కినాను.

నారింజవి రెండు, నీలంది ఒకటి తెచ్చుకున్నాను. నీలందాన్ని పెద్దాయన వద్దన్నాడు. "అది చిన్నదే గానీ రౌడీ." వేలెడు కూడా లేదు, రౌడీ ఏందిలే అనుకున్నాను. వారం తిరిగేసరికి తొట్టంతా దాని ఇల్లైపోయింది. నారింజవి రెండూ ఒక మూల పైన, మోటారు పక్కన వణుకుతా ఉండేవి. కిందికి దిగితే చాలు, నీలంది బాణం మాదిరి వచ్చి పొడిచేది. ఒకదాని తోక చీలికలైపోయింది. మేత వేస్తే నీలంది ముందు వాటిని తరిమి, ఆ తర్వాత తినేది. దానికి ఆకలి కంటే తరమడమే ముఖ్యం.

నేను చేసిన తప్పు ఇంకోటి. ఎండలకు తొట్లో నీళ్ళు తగ్గినప్పుడల్లా ఉప్పు కలిపిన నీళ్ళే పోస్తా వచ్చినాను. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు యాడికీ పోదని నాకు తట్టలేదు. ఉప్పు ఎక్కి ఎక్కి ఒక పొద్దున తోక చినిగిన నారింజ చేప ఇసుక మీద పక్కకు పడుకొని నోరు కొట్టుకుంటా ఉంది. నీలంది దాని కంటిని పీకుతా ఉంది. బతికుండగానే. నేను చేయి పెట్టి తీసేలోపల ఒక కన్ను లేదు.

గొర్రె కంటిలోకి చూసి కత్తి పెట్టేవాణ్ణి, ఆ చేప ముఖం చూడలేక గుడ్డ కప్పినాను. గొర్రె ప్రాణం నా చేతిలో ఒక్క గీటుతో పోతుంది. దీన్ని నా తెలివితక్కువతనం వారం దినాలు చంపింది.

మంచినీళ్ళు పోసి ఉప్పు దించినాను. నీలందాన్ని జల్లెడ గిన్నెలో వేసి తొట్లోనే ఒక పక్కన వేలాడగట్టినాను. మిగిలిన నారింజది మెల్లిగా కిందికి దిగింది. పాచి తినడానికని పది నత్తలు తెచ్చి వేసినాను. అప్పటినించి మొదలైంది చప్పుడు.

టక్. కొంచెంసేపాగి, టక్. వేలిగోటితో అద్దం కొట్టినట్టు. మోటారేమో అనుకున్నాను. మోటారు ఆపినా వచ్చింది. తర్వాతి రోజుల్లో నత్తలు తగ్గుతా వచ్చినాయి. ఇసుకలో గుల్లలు దొరికేవి, సుత్తితో కొట్టినట్టు నడుమకు పగిలి. లోపల ఏమీ ఉండేది కాదు.

ఒక మంగళవారం పొద్దున పది గంటలప్పుడు తొట్టి ముందర కూర్చొని ఉన్నాను. నారింజది పెద్దరాయి ముందు నిలబడి ఉంది. రాయి బొక్కలోనించి రెండు కండ్లు బయటికొచ్చినాయి, ఒక్కో కన్ను ఒక్కో పక్కకు తిరుగుతా. ఆకుపచ్చగా, వేలెడు పొడుగు. రొయ్య మాదిరుంది, కానీ రొయ్య కాదు. ముందుకాళ్ళు రెండూ మడిచి గదల మాదిరి పెట్టుకొని ఉంది. చూస్తానే ఉన్నాను. టక్. దెబ్బ నాకు కనపడలేదు, చప్పుడే వినపడింది. చేప తల ఒక పక్క సొట్టపోయింది. ఇంకో దెబ్బ. దాన్ని పట్టి బొక్కలోకి ఈడ్చుకుంది. పట్టీల తోక కాసేపు బయట కొట్టుకొని, అదీ లోపలికి పోయింది.

నెలల తరబడి నేను కాపాడి సాకినదాన్ని, నా కండ్లముందరే చంపింది. చొక్కా చేతులు కూడా మడవకుండా తొట్లో చేయి పెట్టినాను. రాయి జారి అద్దానికి తగిలింది. బొక్కలోని ఆ పురుగు నా బొటనవేలి మీద కొట్టింది. గోరు మధ్యకు చీలి నెత్తురు లేచింది. నేను బూతులు తిట్టుకుంటా వంటింట్లోకి పోయి కత్తి తెచ్చినాను. నీళ్ళలోకి కత్తి దూర్చి పొడుస్తా ఉన్నాను, ఒకటే పొడవడం. రాయి పెచ్చులు లేస్తా ఉన్నాయి. నీళ్ళు నేలంతా.

"నిలుపు!" అని మా ఆడమనిషి అరిచింది. "నిలుపు, తొట్టి పగలతాది!" నేను తిరిగి చూసినాను. ఆమె గోడకు ఆనుకుపోయింది. నా కత్తిని చూస్తా ఉంది, నా ముఖం చూడటం లేదు. ఆ చూపుకు నా చేయి ఆగింది.

ఆమె నాతో చెప్పకుండా అన్నకు ఫోన్ చేసింది. చిన్నప్పుడు మడికాలవల బొక్కల్లోనించి ఎండ్రకాయల్ని ఒట్టిచేత్తో తీసేది మా ఊళ్ళో అన్న ఒక్కడే, అది ఆమెకు తెలుసు. గంటకు అన్న బండి వాకిట్లో ఆగింది. ఏడాది తర్వాత మా గడప తొక్కినాడు. తడినేల, నా చేతి గుడ్డ, అరుగు మీద కత్తి అన్నీ చూసినాడు.

"యాడుండాది?" అన్నాడు, మా ఆడమనిషితో.

"ఆ పెద్ద రాయిలో, బావా."

అన్న చొక్కా విప్పి తొట్టి ముందర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చాలాసేపు కదలకుండా చూసినాడు. ఆ తర్వాత ఎడమచేయి నీళ్ళలో పెట్టినాడు. మూడు వేళ్ళు, తెగినచోట నున్నగా తెల్లగా చర్మం. అద్దంలో అది పెద్దదిగా కనపడింది. నేను తల దించుకున్నాను. బొక్క వెనకనించి మెల్లిగా మూసినాడు. టక్‌మని వినపడింది, అన్న పళ్ళు బిగించినాడు, నీళ్ళలో సన్నగా ఎర్రపొగ లేచింది. చేయి తీయలేదు. రాయిని అట్లనే ఎత్తి బకెట్లో బోర్లించి, కొబ్బరిపుల్లతో గెలికితే ఆ పురుగు బకెట్లో పడింది.

నేను అరుగు మీది కత్తి తీసుకున్నాను. "ఆడ బండ మీద వెయ్యన్నా, నలగ్గొడతాను."

"కత్తి కింద పెట్టు," అన్నాడు.

ఏడాదికి నాతో మాట్లాడిన మొదటి మాట అది. గొంతు పెంచలేదు. నేను కత్తి కింద పెట్టినాను.

"దాని బతుకు అది బతకతాండాది. నువ్వే తెచ్చి పెట్టుకుంటివి గదా. యాడనించి వచ్చిందో ఆడ ఇచ్చేసొద్దాం పా."

ఆ పొద్దే ఇద్దరం బకెట్టు పట్టుకొని బస్సెక్కినాము. వి.కోట దాటినాక అన్న, "నీ గోరు ఊడిపోతాది, పసుపు పెట్టు," అన్నాడు. నేను ఊ అన్నాను. అంతే.

కుప్పం పెద్దాయన బకెట్లోకి చూసి తల కొట్టుకున్నాడు. "అయ్యో, మాంటిస్ రొయ్య! నేనిచ్చిన రాయిలోనే దాక్కొని వచ్చుంటది. తప్పు నాదప్పా." దాన్ని వేరే చిన్న తొట్లో వదిలినాడు. ఎంత జోరుగా ఉందో చూపిస్తానని ఒక చిన్న ఎండ్రకాయను పైనించి వదిలినాడు. అది ఇసుక మీద కాళ్ళు మోపేలోపలే మాంటిస్ వచ్చింది. టక్, ఒక కొండి ఊడింది. టక్, రెండోది. ఎండ్రకాయ వెనక్కి వెనక్కి పోతా మిగిలిన కాళ్ళు అడ్డం పెడతా ఉంది. టక్, టక్. పైపెంకు పగిలింది. పెద్దాయన ఏదో లెక్చరు ఇస్తా ఉన్నాడు. పక్కన చూస్తే అన్న లేడు.

బయట కాలవ పక్కన వంగి కక్కుకుంటా ఉన్నాడు. నేను పోయి వీపు మీద చేయి వేస్తే విదిలించేసినాడు. పక్క టీకొట్టులో నీళ్ళు తెచ్చిచ్చినాను. పుక్కిలించి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

"నొప్పి కాదురా," అన్నాడు. "నొప్పి ఎప్పుడో పోయినాది. ఆ పొద్దు కత్తి లేపినప్పుడు నేను నీ కండ్లు సూస్తిని. అన్నను సూసినట్ల లేదు. ఎవురినో సూసినట్ల గూడా లేదు. అంగట్లో ఏలాడగట్టిన దాన్ని సూస్తావే, అట్ల సూస్తివి. దినామూ కండ్లు మూస్తే అదే కనపడతాది."

ఏడుపొచ్చింది, ఏడ్చినాను. దారిన పోయేవాళ్ళు చూసినారు, చూడనీ అనుకున్నాను.

"కొట్టింది నేనే ముందు," అని అన్న మళ్ళీ అన్నాడు. "నీళ్ళు గూడా నీ వంతే. అందుకే మిషనని చెప్తి. ఇంగ ఆ అబద్ధం నేను మోయలేనురా. అమ్మ దినామూ ఆ మిషన్ను శపిస్తాంటే, అన్నం గొంతు దిగదు."

"నేను చెప్తాలే," అన్నాను.

సాయంత్రం ఆరుకు ఊళ్ళో దిగినాము. అమ్మ కొట్టంలో ఆవులకు మేత వేస్తా ఉంది. ఇద్దరం కలిసి రావడం చూసి ముఖం విప్పారింది. "యాల నాయనా, ఈ పొద్దు పక్కపక్కన వస్తాండారు?"

నేను ఆమె ముందర నిలబడి చెప్పినాను. గేటువాల్వు దగ్గరినించి మొదలుపెట్టి, చెంపదెబ్బ, సంచి, కత్తి. నేను ముగించినాక అన్న చేయి పట్టుకొని, తెగినచోటు మొదటిసారి చూసినట్టు తిప్పి చూసింది. ఆ తర్వాత గోడకు ఆనించిన ఆవులు తోలే కట్టె తీసుకుంది.

మొదటి దెబ్బ నా భుజం మీద పడింది. రెండోది మోచేతి మీద, మూడోది వీపు మీద. డెబ్బై ఏండ్ల మనిషి, జీవితమంతా పశువుల్ని అదిలించిన చేయి. కోడెను కొట్టినట్టు కొట్టింది. నేను చేయి అడ్డం పెట్టలేదు. "నా కడుపున పుట్టినోణ్ణి నరకతావా! నా కొడుకును నరకతావా!" అని ఒక్కో దెబ్బకూ అరిచింది. ఆవులు బెదిరి పలుపులు తెంచుకుంటా ఉన్నాయి. అన్న ఆపబోతే అతనికీ పడింది, మోకాలి మీద. "నువ్వు నాకు అబద్ధం సెప్పినావు! ఏడాది! మిషన్ను తిట్టించినావు నాతో!" కట్టె నా వీపు మీదే రెండుగా విరిగింది. విరిగిన ముక్కతో కూడా కొట్టింది. ఆయాసం వచ్చి ఆగింది.

మా ఇద్దరికీ ఆ పొద్దు ఆమె అన్నం పెట్టలేదు. తనూ తినలేదు.

నాలుగు దినాలు కుడిచేయి లేవక అంగడి తెరవలేదు. ఐదో దినం తెరిచినాను, వేరే పని నాకు చేతకాదు. అన్న ఇప్పుడు మాట్లాడతాడు. మునుపటంత కాదు, పనిమీద మాట్లాడతాడు. పుంగనూరుకు వస్తే మా ఇంట్లో కాఫీ తాగి పోతాడు. అమ్మ నాతో మాట్లాడటానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. నా అంగడి కూర మాత్రం ఈ రోజుకూ ముట్టదు.

తొట్టి ఉంది. నారింజవి మళ్ళీ తేలేదు. నీలందొక్కటే ఉంది, తరమడానికి ఎవరూ లేక అద్దంలో తన నీడను పొడుస్తా ఉంటుంది. తగ్గిన నీళ్ళ మేరకు ప్లాంటు నీళ్ళు పోసి, మీటరు చూసుకొని, అంగడికి పోతాను.